తెల్లవారితే ఆదివారం

మీ ఆయన ఏం నౌకరి చేసిండని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒకటే జవాబు చెబుతుంది. "కంప్యూటర్ల తారీఖులు రాస్తుండె." మొదట్లో ఈ మాట వింటే నాకు కోపం వచ్చేది. నేను రాసిన ప్రోగ్రాముల్లో లెక్కలుండేవి, పట్టికలుండేవి, ఇంకా చాలా ఉండేవి. అవన్నీ వదిలేసి తారీఖులంటుందేమిటని. ఉద్యోగం మానేసి ఆర్మూర్‌లో ఇంటిపట్టున కూర్చున్నాక తలచుకుంటే, ఆమె చెప్పిందే నిజమనిపిస్తోంది. నేను తలబద్దలు కొట్టుకున్న పనులు, తలవంచుకున్న పనులు, ఇప్పటికీ పదిమందిలో గొప్పగా చెప్పుకోగల పని, అన్నీ తేదీల దగ్గరే, గంటల దగ్గరే ఉన్నాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారానో మీకు అక్కరలేదు. తేదీని తెర మీదో కాగితం మీదో చూపించడమనేది మీకు నేర్పేవాళ్లు ఒక పూటలో తేల్చేసే పాఠం. నాకు మాత్రం అది ఒంటబట్టడానికి సగం ఉద్యోగకాలం పట్టింది. అంతలో ఒక మనిషి ప్రయాణం ఆగిపోయింది కూడా.

రజియా మేడం

హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం, దవాఖానలకు ప్రోగ్రాములు రాసిచ్చే ఒక చిన్న కంపెనీలో. అక్కడ నా పై అధికారి రజియా మేడం. గొంతు పెంచి ఎరుగదు. అద్దాలు ముక్కు మీదికి జార్చి చూసిందంటే మాత్రం మన ప్రోగ్రాములో ఏదో తగలబడిందని అర్థం.

నాకు అప్పగించిన మొదటి పని, రోగి వచ్చిన నాటి తేదీకి డాక్టరు చెప్పిన రోజులు కలిపి, మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద అచ్చు వేయడం. నేను ఆనాటి తేదీని మనవాళ్ల వరుసలో ఇచ్చాను, ముందు రోజు, తరువాత నెల. మిషన్ దాన్ని అమెరికావాళ్ల వరుసలో చదువుకుంది, ముందు నెల, తరువాత రోజు. మే మూడు అని నేనంటే అది మార్చి ఐదు అనుకుంది. నెలలు పన్నెండు కాబట్టి పన్నెండో తేదీ దాకా దానికి ఎక్కడా అనుమానం రాలేదు. అడిగిందల్లా అచ్చు వేసింది. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను. పదమూడో తేదీ పొద్దున అది మొరాయించింది. పదమూడో నెల ఎక్కడుంది చూపించమంది.

"మేడం, మిషన్ ఖరాబైంది" అన్నాను.

ఆమె చీటీల కట్ట తెప్పించి చూసింది. అద్దాలు జార్చింది. "మిషన్ ఇయ్యాల్నే బాగైంది బేటా. ఇన్ని రోజులు ఖరాబుండె."

ఆ చీటీలు పట్టుకుపోయినవాళ్లందరికీ నాచేతనే కబురు చేయించింది. ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకుంటూ పోతుంటే నా మెడలు వాటంతట అవే వంగాయి. అరిచి చెప్పే తప్పు మనకు మేలు చేస్తుంది. నోరు మూసుకుని పనిచేసుకుపోయే తప్పు దగ్గరే జాగ్రత్త. ఇది అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఆమె ఇంకో మాట చెప్పింది. "తారీఖు లోపల ఒక తీరుంటది, బయట ఒక తీరుంటది. లోపలిది మిషన్ కోసం, బయటిది మనిషి కోసం. రెండూ కలిపేసినవనుకో, ఇద్దరికీ దుష్మన్‌వి అయితవ్."

నేను దాన్ని నోట్ చేసుకున్నాను, సగమే అర్థం చేసుకున్నాను. లోపలి తీరు నేర్చుకున్నాను. బయటి తీరు అంటే అంకెల మధ్య గీత పెట్టాలా చుక్క పెట్టాలా అన్నంతవరకే అనుకున్నాను.

సత్తెన్న కౌంటరు

ఆ కంపెనీ మూతపడ్డాక మా ఆర్మూర్‌కే వచ్చేశాను. ఒక ఎరువుల దుకాణం మీది గదిలో కూర్చుని పసుపు వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీలకు ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ని. అదే వీధిలో సత్తెన్న ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. మోర్తాడ్, ముప్కాల్, చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు టికెట్లు చేసేవాడు. నాకు నెల జీతమిచ్చినవాడు కాకపోయినా నా రెండో బాసు ఆయనే. తిట్టే హక్కు ఆయనకు మా మొదటి టీ నాడే వచ్చేసింది.

విమానం టికెట్టు ఇంగ్లీషులో వచ్చేది. సత్తెన్న దాన్ని తిరగేసి, వెనకాల బాల్‌పెన్నుతో తెలుగులో రాసిచ్చేవాడు. "శనివారం రాత్రి విమానం. బువ్వ తొందరగ తిని బండెక్కాలె." అంతే. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి. ఇది చూసి నాకు ముచ్చటేసింది, కాస్త జాలీ వేసింది. నేను చక్కటి తెలుగు అచ్చులో ప్రయాణపు కాగితం వచ్చేట్టు ప్రోగ్రాము రాసిస్తానన్నాను.

రాశాను. అప్పటికి కంప్యూటరులో తెలుగు వత్తులు సరిగ్గా కూర్చోవడమే ఒక పండుగ. ఇంగ్లీషులోని ఏఎమ్, పీఎమ్‌లకు తెలుగు వెతుక్కోవలసి వచ్చింది. "పూర్వాహ్నం" అని కొందరు వాడేవారు. ఆర్మూర్ బస్టాండులో ఆ మాట విన్నవాడు పుట్టలేదు. అందుకని గంటలను నాలుగు ముక్కలు చేసి పొద్దున, పగలు, సాయంత్రం, రాత్రి అని పేర్లు పెట్టాను. అర్ధరాత్రి దాటినవి కూడా "రాత్రి" కిందికే చేర్చాను. మన భాషలో ఎంత సహజంగా ఉందో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

సత్తెన్న మొదటి కాగితం పట్టుకుని కాసేపు చూశాడు.

"ఏమయ్యా శ్రీనివాస్, నేను శనివారమని రాస్తుంటి గద. నీ మిషన్ ఐతారం అంటుంది."

"పన్నెండు దాటినంక ఆదివారమే గద సత్తెన్నా. మిషన్ అబద్ధం చెప్పది."

"మిషన్ చెప్పది. చదివేటోడొకడు ఉంటడు గద."

"చదివేటోడు నేర్చుకుంటడు" అన్నాను, నవ్వుతూ.

"సరే తియ్. అక్షరాలైతే మస్తున్నయ్" అని కాగితం మడిచి కవరులో పెట్టాడు. ఆ నవ్వు ఇప్పుడు నాకే చెవుల్లో గుచ్చుకుంటుంది.

లింబాద్రి

లింబాద్రిది మోర్తాడ్ దగ్గరి పల్లె. భార్య రాజవ్వ బీడీలు చేసేది. దుబాయిలో ఒక కంపెనీలో పని దొరికింది, కంపెనీయే టికెట్టు పంపింది. వీసా మీద ఆ దేశంలోకి అడుగుపెట్టడానికి మంగళవారం దాకానే గడువు. విమానం ఆదివారం, అర్ధరాత్రి పన్నెండు దాటి నలభై నిమిషాలకు. అంటే శనివారం రాత్రి తిండి తినేలోపే హైదరాబాద్ దారి పట్టాలి.

సోమవారం పొద్దున సత్తెన్న నాకు కబురుపెట్టాడు. దిగి వెళ్లేసరికి ఆఫీసు బెంచీ మీద లింబాద్రి, రాజవ్వ కూర్చుని ఉన్నారు. వాళ్ల కాళ్ల దగ్గర తాడుతో బిగించి కట్టిన పెట్టె. దాని మీద దుబాయి చిరునామా పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పెట్టె వెళ్లవలసిన చోట కాక ఇక్కడుంది. అదొక్కటి చూస్తేనే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

"శనివారం చుట్టాలు పక్కాలు అందరొచ్చిన్రు" అన్నాడు లింబాద్రి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రాత్రి ఇంట్లనే పండుకున్న. ఐతారం పొద్దుందాక ఊరంత తిరిగి చెప్పొచ్చిన. రాత్రి బువ్వ తిని బండెక్కినం. ఏర్‌పోర్టుకు పోతే కౌంటర్ల గామె ఏమన్నదంటే, నీ ఇమానం నిన్ననే పోయిందన్నది. నిన్ననా? నిన్న నేను ఇంట్లనే ఉంటి గద సారూ."

అతని చేతిలో నేను అచ్చు వేసిన కాగితం. "ఆదివారం రాత్రి 12:40."

నేను కాగితం తీసుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. నా ఉద్యోగ జీవితంలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో నేను వెనక్కి తీసుకోవాలనుకునేది ఇదే: "తప్పేం లేదు గదన్నా. ఆదివారమనే ఉంది."

రాజవ్వ తల ఎత్తింది. "తప్పు లేకుంటే మరి మేమెందుకు తిరిగొచ్చినం సారూ?"

సత్తెన్న ఫోను చెవి నుంచి తీయకుండానే వాళ్లిద్దరినీ చాయ్ తాగి రమ్మని పంపించాడు. రేపటిలోపు సీటు కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నాడు. సెలవుల రద్దీ, ఎక్కడా లేదంటున్నారు. కంపెనీవాళ్లు ఇంకో టికెట్టు పంపేది లేదన్నారట.

పెండ్లి కార్డు

రెండు ఫోన్ల మధ్య ఖాళీలో కూడా నేను ఊరుకోలేదు. పన్నెండు దాటితే తేదీ మారుతుందని ప్రపంచమంతా ఒప్పుకుందని, అది నా తప్పు కాదని వాదిస్తున్నాను. సత్తెన్న సొరుగు లాగి ఒక పసుపు రాసిన పెండ్లి కార్డు తీసి నా ముందు విసిరాడు.

"మా తమ్ముని బిడ్డ లగ్గం. నువ్వేరోజు వస్తవో చెప్పు."

చదివాను. "బుధవారం రాత్రి 1 గంట 20 నిమిషములకు."

"బుధవారం రాత్రి వస్త సత్తెన్నా, భోజనాల యాళ్లకు."

"ఎట్ల? ఒంటిగంట ఇరవై అంటే నీ లెక్కల గురువారం గద? మరి గురువారం రాత్రికి రా. పిల్ల అత్తగారింటికి పోయినంక, టెంటు ఇప్పినంక, నీకొక్కనికి విస్తరి ఏస్త."

నేను మళ్లీ కార్డు చూశాను. ముహూర్తం కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. "తెల్లవారితే గురువారం." పుట్టినప్పటి నుంచి ఇలాంటి కార్డులు ఎన్ని చదివానో! నా పెండ్లి కార్డు మీదా ఆ వరుస ఉంది. ఒక్క పెండ్లికైనా ఒకరోజు ఆలస్యంగా వెళ్లలేదు. పెండ్లికి వెళ్లేటప్పుడు ఒక లెక్క, ప్రోగ్రాము రాసేటప్పుడు ఒక లెక్క. ఇంటి లెక్కను గుమ్మంలోనే చెప్పులతోపాటు విడిచి పనిలో కూర్చునేవాణ్నన్నమాట.

మన మాటల్లో రోజు తెల్లవారితేగాని మారదు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ రాత్రి గడిచిన పగటిదే. "ఆదివారం రాత్రి పన్నెండున్నర" అంటే ఆదివారమంతా గడిచి, బువ్వ తిని, ఆ తరువాత వచ్చే పన్నెండున్నర. ఇంగ్లీషు టికెట్టులో ఏఎమ్ అన్న రెండక్షరాలు ఉన్నంతసేపు తేదీ సరిగ్గానే ఉంది. నేను ఆ రెండక్షరాలు తీసి "రాత్రి" అన్న ఒక్క తెలుగు మాట పెట్టగానే, చదివేవాడి లెక్కలో విమానం ఒక రోజు తరువాతికి జరిగింది. లోపలి లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మిషన్ మొరాయించలేదు. మాట మాత్రమే మార్చాను, దాని వెనకున్న రోజును మార్చలేదు. రజియా మేడం ఉంటే అద్దాలు జార్చి చూసేది.

చాయ్ హోటలు దగ్గరికి నడిచాను. లింబాద్రి గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"తప్పు నాదే అన్నా" అన్నాను.

"నీదైనా నాదైనా ఇమానమైతే పాయె గద సారూ." గ్లాసు కింద పెట్టి, "ఇంకోపాలి రాస్తే మాత్రం జర మాకు తెలిసేటట్టు రాయి" అన్నాడు.

మంగళవారం గడిచిపోయింది. సీటు దొరకలేదు. వీసా చెల్లకుండా పోయింది. ఆ చలికాలం లింబాద్రి పక్క ఊళ్లలో పసుపు ఉడకబెట్టే పనికి పోయాడు. మా ఊరి పొడుగునా ఆ ఉడుకు వాసన గాలిలో ఉంటుంది, ఏటా ఉండేదే, మా అందరికీ ఇష్టమైనదే. ఆ ఏడు మాత్రం నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగాను. ఎవరైనా అడిగితే పడిశమని చెప్పేవాణ్ని.

ఒక్క వరుస రాయడం

ఇక నేను గర్వంగా చెప్పుకునే సంగతి. ఆ పెండ్లి కార్డు వరుసను ప్రోగ్రాములోకి తెచ్చాను. వినడానికి ఒక్క వరుసే. చేయబోతే ఒక్కొక్క గంటా ఒక తగాదా.

రాత్రి ఎప్పుడు అయిపోతుంది? మూడింటికి బయలుదేరే బస్సును ఒకరు "రాత్రి మూడింటి బస్సు" అన్నారు, ఇంకొకరు "తెల్లారగట్ల మూడింటి బస్సు" అన్నారు. పాలు పోసే ఆయనకు మూడంటే పొద్దు మొదలైనట్టే. సినిమా చూసి వచ్చేవాడికి అది రాత్రే. ఎక్కడ గీత గీసినా సగంమంది దానికి అవతలే ఉండిపోతారు. చివరికి గీత గీయడమే మానేశాను. పన్నెండు నుంచి తెల్లవారేదాకా ఏ గంటకూ ఒక్క రోజు పేరు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఎప్పుడూ రెండు రోజులూ చెప్పాలి. "శనివారం రాత్రి 12:40, తెల్లవారితే ఆదివారం."

నెలాఖరు చూసుకోవాలి, ఫిబ్రవరి చూసుకోవాలి. నేను మొదట అచ్చు తీసి చూసుకున్నది "డిసెంబర్ 31 రాత్రి, తెల్లవారితే జనవరి 1". రోజు, నెల, సంవత్సరం మూడూ ఒక్క వరుసలో మారి సరిగ్గా వచ్చేసరికి ఎరువుల దుకాణం వాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా అరిచాను. అవతలికి చేరే సమయం పక్కన "అక్కడి గడియారం ప్రకారం" అని చేర్చాను. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, విమానం గంట తీసేసి ఇంట్లోంచి బయలుదేరే గంట పెట్టాను. ప్రయాణం చేసేవాడికి మొదట కావలసింది అదే. సత్తెన్న బాల్‌పెన్నుతో రాసిందీ అదే. లోపల మాత్రం విమానంవాళ్లు ఇచ్చిన తేదీ ఎలా ఉందో అలాగే ఉంచాను, దాన్ని ముట్టుకోలేదు.

అచ్చు వేసిన కాగితాలు పట్టుకుని బస్టాండులో తిరిగాను. మొదట "అర్థమైందా?" అని అడిగేవాణ్ని. అందరూ అర్థమైందనేవారు. మర్యాద తెలిసిన మనుషులు ఇంకేమంటారు? తరువాత ప్రశ్న మార్చాను. "నువ్వయితే ఇంట్లకెళ్లి ఏ రోజు ఎల్తవ్?" అప్పుడు వచ్చేవి అసలు జవాబులు. మీరు ఏది రాసినా ఇలాగే పరీక్షించండి. మనిషిని ఏమర్థమైందని అడగొద్దు, ఏం చేస్తావని అడగండి.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. తేదీలకు ఇవాళ లైబ్రరీలని తయారు సామాను చాలా ఉంది. ఏ దేశపు తీరులో కావాలంటే ఆ తీరులో ఒక్క వరుసతో వచ్చేస్తుంది. వాడండి, నేనూ వాడాను. అది బాగా చదువుకున్నవాళ్లు చేసిన పని. అయితే "తెలుగు" అని ఎంచుకోగానే తెలుగువాడికి తెలిసిపోతుందనుకోవద్దు. అది వారాల పేర్లు తెలుగులో ఇస్తుంది. రాత్రి ఎవరిదో చెప్పదు.

ఇప్పుడు ఆ ప్రోగ్రామును చూసుకునే అమ్మాయి ఒకసారి నాకు ఫోన్ చేసింది. "సార్, అందరు ఫోన్లనే చూసుకుంటున్నరు గద, గీ తెల్లవారితే లైన్ తీసేద్దామా? ఏ లైబ్రరీలగూడ లేదు" అంది. "నీ పెండ్లి ఎన్నడమ్మా?" అన్నాను. అర్థంకాక నవ్వింది. నెల తిరగకుండా తన పెండ్లి కార్డు పంపింది, దాని మీదా ఆ వరుసే. ప్రోగ్రాములోనూ వరుస అలాగే ఉంది.

మళ్లీ వచ్చిన టికెట్టు

లింబాద్రికి ఇంకో వీసా వచ్చింది. విమానం మళ్లీ అర్ధరాత్రి దాటాకే. మా వైపు నుంచి పోయే విమానాలకు అదొక రోగం. కొత్త తీరులో అచ్చయిన మొదటి కాగితం అతనిదే కావాలని సత్తెన్నకు ముందే చెప్పి ఉంచాను. వాళ్లొచ్చారని తెలిసి మెట్లు రెండేసి దిగాను.

లింబాద్రి కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. సత్తెన్న ఫోను మోగుతున్నా ఎత్తలేదు.

"ఏ రాత్రి పోతవన్నా?" అన్నాను.

"శనివారం రాత్రి. తెల్లారితే ఐతారం." తల ఎత్తి, "గింతేనా?" అన్నాడు.

"గింతే."

రాజవ్వ కాగితం తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "గిది మా ఇంటి మాట తీరుగనే ఉంది. మరి గప్పుడెందుకు గిట్ల రాయలే సారూ?"

"అప్పుడు నాకు రాయరాకుండె అక్కా."

"గంత పెద్ద మిషన్ పెట్టుకోని?" అని ఆమె నవ్వింది. ఆ బెంచీ మీద ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. సత్తెన్న కూడా నవ్వి, "చదివేటోడు నేర్చుకుంటడన్నడమ్మా, రాసెటోడే నేర్చుకున్నడు" అన్నాడు. నాకు చురుక్కుమనలేదు. ఎవరైనా నా పనికి ఇచ్చిన కితాబుల్లో అంతకంటే నిక్కమైనది లేదు.

ఆ శనివారం రాత్రి నేను కంచం ముందు కూర్చున్నానేగాని ముద్ద దిగలేదు. మా ఆవిడ రెండుసార్లు కూర వేడిచేసింది. ఫోన్ మోగింది. వెనకాల మైకులో ఎవరో ఇంగ్లీషులో ఏదో చెబుతున్నారు.

"సారూ, లింబాద్రిని. లోపటికొచ్చి కూసున్న. ఫికర్ జెయ్యకు," అన్నాడు. "ఇంకా శనివారమే నడుస్తుంది."